ఒకే పేరుతో నాలుగు లోపాలు: ప్లగిన్లూ, బయటి లింకులూ

ఫలానా ప్లగిన్‌లో, అంటే వెబ్‌సైటుకు అదనపు సదుపాయం చేర్చే చిన్న సాఫ్ట్‌వేర్‌లో, బయటి లింకులకు సంబంధించిన భద్రతా లోపం బయటపడింది, వెంటనే కొత్త వెర్షన్‌కు మారండి అన్న హెచ్చరిక చూసినప్పుడు, వెబ్‌సైటు నడిపేవారిలో చాలామందికి ఒక సందేహం కలుగుతుంది. లింకు అంటే ఒక చిరునామాయే కదా, నొక్కినవారు అక్కడికి వెళ్తారు, నొక్కనివారు వెళ్లరు, అందులో మన సైటుకు వచ్చే ముప్పేమిటి? ఈ సందేహం సహేతుకమైనదే. దానికి సూటిగా జవాబు దొరకకపోవడానికి కారణం, ఆ ఒక్క మాట కింద ఒకదానితో ఒకటి పెద్దగా సంబంధం లేని నాలుగు లోపాలను కలిపి చెప్పుకోవడం. ఒకటి సందర్శకుడు తెరిచి వదిలేసిన పాత ట్యాబ్‌లో జరుగుతుంది. ఇంకొకటి అడ్మిన్ బ్రౌజర్‌లో, అడ్మిన్ అధికారాలతోనే జరుగుతుంది. మూడోది సైటుకున్న మంచిపేరును వాడుకుంటుంది. నాలుగోది నేరుగా సర్వర్‌లోనే జరుగుతుంది. మొదటిదాని తీవ్రత ఇప్పుడు చాలావరకు తగ్గిపోయింది. నాలుగోదానితో సైటు మొత్తం పరాయి చేతుల్లోకి పోవచ్చు. ఈ తేడా తెలియకపోతే చిన్నదానికి కంగారు పడడమూ జరుగుతుంది, పెద్దదాన్ని పట్టించుకోకుండా వదిలేయడమూ జరుగుతుంది. ఈ రెండిటిలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది రెండోదే.

ఈ వ్యాసంలోని ఉదాహరణలు చాలావరకు వర్డ్‌ప్రెస్ నుంచే తీసుకున్నాను. వెబ్‌సైట్లు తయారుచేసి నడపడానికి 2003లో మొదలైన ఆ సాఫ్ట్‌వేర్ మీద ఇప్పుడు ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా నడుస్తున్నాయి. దాని అధికారిక జాబితాలోనే 50 వేలకు పైగా ఉచిత ప్లగిన్లు ఉన్నాయి. ప్లగిన్ అనగానే పెద్ద యంత్రానికి బయట తగిలించిన చిన్న భాగం అన్న ఊహ కలుగుతుంది గానీ, వాస్తవం అది కాదు. ఒకసారి యాక్టివేట్ చేశాక ప్లగిన్ కోడ్‌కూ వర్డ్‌ప్రెస్ అసలు కోడ్‌కూ మధ్య గోడ ఏదీ ఉండదు. డేటాబేస్, ఫైళ్లు, యూజర్ల ఖాతాలు అన్నీ దానికి అందుబాటులోనే ఉంటాయి. అందువల్ల పేజీ కింద నాలుగు షేర్ బటన్లు చూపించడం తప్ప ఇంకేమీ చేయని ప్లగిన్‌లో తప్పు దొర్లినా, దాని ఫలితం ఆ బటన్ల దగ్గరే ఆగదు. పైగా ప్లగిన్ చేతికి వచ్చే లింకులన్నీ ఒకే చోటినుంచి రావు. కొన్నిటిని సైటు యజమాని స్వయంగా రాస్తాడు, కొన్నిటిని వ్యాఖ్య రాసినవారు పెడతారు, కొన్ని రచయితలు సమర్పించిన ముసాయిదాల్లో ఉంటాయి, మరికొన్ని ఎవరో అపరిచితుడు తయారుచేసిన చిరునామా చివర తోకలా తగులుకుని వస్తాయి. ప్లగిన్ రాసినవారు వీటన్నిటినీ ఒకే గాటన కట్టిన చోటే లోపం పుడుతుంది.

వెనక ఉండిపోయిన ట్యాబ్

ఒక పాఠకుడు సైటులో లాగిన్ అయి వ్యాసం చదువుతున్నాడు. కింద ఎవరో రాసిన వ్యాఖ్యలోని లింకు నొక్కాడు, అది కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంది. అక్కడ రెండు నిమిషాలు ఏదో చదివి, ఆ ట్యాబ్ మూసేసి, పాత ట్యాబ్‌లోకి తిరిగి వచ్చాడు. వ్యాసం ఉండాల్సిన చోట ‘మీ సెషన్ ముగిసింది, మళ్లీ లాగిన్ అవ్వండి’ అని కనిపించింది. లోగో అదే, రంగులు అవే, బటన్ ఉన్న చోటు కూడా అదే. పాస్‌వర్డ్ కొట్టగానే వ్యాసం మళ్లీ ప్రత్యక్షమైంది కాబట్టి అతనికి అనుమానించాల్సిన అవసరమే రాలేదు. నిజానికి ఆ లాగిన్ పేజీ ఆ సైటుది కాదు. అతను కొత్త ట్యాబ్‌లో చదువుతున్న రెండు నిమిషాల్లో, ఆ కొత్త పేజీయే పాత ట్యాబ్‌ను తన నకిలీ పేజీకి మళ్లించింది. పాస్‌వర్డ్ చేజిక్కగానే మళ్లీ అసలు సైటుకు పంపించేసింది.

ఇది ఎలా సాధ్యమంటే, ఒక లింకు కొత్త ట్యాబ్‌లో తెరుచుకున్నప్పుడు, తనను తెరిచిన పేజీని గుర్తుపట్టే ఒక ఆధారాన్ని బ్రౌజర్ ఆ కొత్త పేజీకి అందించేది. జావాస్క్రిప్ట్‌లో దాని పేరు విండో ఓపెనర్. రెండు పేజీలూ వేర్వేరు సైట్లవైతే ఒకదానిలోని సమాచారాన్ని ఇంకొకటి చదవకుండా బ్రౌజర్ అడ్డుకుంటుంది. అయితే పాత పేజీ ఏ చిరునామాకు వెళ్లాలో చెప్పడాన్ని మాత్రం అది అడ్డుకోదు. ఒక్క వరుస కోడ్ చాలు, పాత ట్యాబ్ మరో చోటికి వెళ్లిపోతుంది. మనుషుల అలవాటు కూడా దాడికి కలిసి వస్తుంది. కొత్తగా తెరిచిన పేజీ చిరునామాను చూసుకునేవారు సైతం, తాము ఇంతకుముందే చూసి వదిలిన ట్యాబ్‌లోకి తిరిగి వచ్చినప్పుడు దాన్ని మళ్లీ చూడరు. ఎవరూ చూడని సమయంలో ట్యాబ్ తన రూపాన్ని తానే మార్చుకోగలదని, దానితో పాస్‌వర్డ్లు కాజేయవచ్చని 2010లో ఆజా రాస్కిన్ అన్న డిజైనర్ చూపించి, దానికి ట్యాబ్‌న్యాబింగ్ అని పేరు పెట్టారు. ఇక్కడ తెరిచిన పేజీ తనను తెరిచిన పేజీనే మారుస్తోంది కాబట్టి దీన్ని రివర్స్ ట్యాబ్‌న్యాబింగ్ అంటున్నారు.

దీనికి విరుగుడు చిన్నదే. లింకుకు ‘నోఓపెనర్’ అన్న ఒక్క మాట జోడిస్తే బ్రౌజర్ ఆ ఆధారాన్ని కొత్త పేజీకి ఇవ్వదు. 2016 నుంచి బ్రౌజర్లు ఒకటొకటిగా ఈ మాటను గుర్తించడం మొదలుపెట్టాయి. వర్డ్‌ప్రెస్ 2019లో వచ్చిన 5.1 వెర్షన్‌లో, కొత్త ట్యాబ్‌లో తెరుచుకునే లింకులకు దాన్ని తానే చేర్చే ఏర్పాటు చేసింది. ఆ తరవాత బ్రౌజర్ల తయారీదారులు ఇంకో అడుగు ముందుకు వేసి, ఆ మాట రాయకపోయినా రాసినట్టే భావించాలని నిర్ణయించారు: సఫారీ 2019లో, ఫైర్‌ఫాక్స్ 2020లో 79వ వెర్షన్ నుంచి, క్రోమ్ 2021లో 88వ వెర్షన్ నుంచి అలాగే చేస్తున్నాయి. కాబట్టి ఈ రోజు ఎవరైనా స్కానర్ పెట్టి చూసి, మీ సైటులో ఇన్ని లింకులకు నోఓపెనర్ లేదు, ఇది తీవ్రమైన లోపం అని నివేదిక ఇస్తే, దాన్ని చూసి నిద్ర పాడుచేసుకోనక్కరలేదన్నది నా అభిప్రాయం. సరిదిద్దడం మంచిదే, కానీ అది అన్నిటికన్నా ముందు చేయాల్సిన పని కాదు.

ఒక్క మినహాయింపు మాత్రం గుర్తుంచుకోవాలి. బ్రౌజర్లు తెచ్చిన ఈ మార్పు మామూలు లింకులకే వర్తిస్తుంది. కొన్ని షేర్ బటన్లు, పాపప్‌లు లింకు ద్వారా కాకుండా, జావాస్క్రిప్ట్ ద్వారా తామే కొత్త విండో తెరుస్తాయి. అక్కడ నోఓపెనర్ అని విడిగా చెప్పకపోతే పాత ప్రమాదం ఇప్పటికీ అలాగే ఉంటుంది. ఇంకో విషయం: నోఓపెనర్ పక్కన తరచుగా కనిపించే ‘నోఫాలో’ అన్న మాటకూ భద్రతకూ సంబంధం లేదు. వ్యాఖ్యల్లో చొప్పించే స్పామ్ లింకులకు సెర్చ్ ఫలితాల్లో లాభం దక్కకూడదని 2005లో తెచ్చిన ఏర్పాటు అది. లింకులన్నిటికీ నోఫాలో పెట్టాం కాబట్టి సురక్షితంగా ఉన్నామని నమ్మేవారు ఇప్పటికీ కనిపిస్తున్నారు; ఆ నమ్మకానికి ఆధారం లేదు.

చిరునామా వేషంలో కోడ్

రెండో లోపం దీనికన్నా చాలా లోతైనది. లింకు అంటే చిరునామా అని మనం అనుకుంటాం గానీ, బ్రౌజర్ దృష్టిలో ప్రతి లింకూ ఒక ఆదేశం. కోలన్ గుర్తుకు ముందు ఉండే మాటను, అంటే స్కీమ్‌ను, చూసి ఏం చేయాలో అది తేల్చుకుంటుంది. అక్కడ హెచ్‌టీటీపీఎస్ అని ఉంటే ఆ పేజీకి వెళ్తుంది, మెయిల్‌టూ అని ఉంటే ఈమెయిల్ తెరుస్తుంది, టెల్ అని ఉంటే ఫోన్ కలుపుతుంది. అదే చోట జావాస్క్రిప్ట్ అని ఉంటే ఎక్కడికీ వెళ్లదు. కోలన్ తరవాత ఉన్నదంతా కోడ్‌గా తీసుకుని, ఇప్పుడు తెరిచి ఉన్న పేజీలోనే, ఆ పేజీకి ఉన్న హక్కులన్నిటితోనూ దాన్ని నడుపుతుంది.

పేజీలో అందమైన బటన్ పెట్టడానికి ఉపయోగపడే ఒక ప్లగిన్‌ను తీసుకుందాం. అందులో రెండు పెట్టెలుంటాయి: బటన్ మీద ఏం రాయాలి, నొక్కితే ఎక్కడికి పోవాలి. యూజర్ రాసినదాన్ని ఉన్నదున్నట్టుగా పేజీలో ముద్రించకూడదన్న నియమం ప్లగిన్ రాసినవారికి తెలుసు. అందుకే వర్డ్‌ప్రెస్ అందించే ‘ఈఎస్‌సీ ఆట్రిబ్యూట్’ అన్న ఫంక్షన్ గుండా ఆ లింకును పంపి, తరవాతే ముద్రించారు. ఆ ఫంక్షన్ చేసే పని, కొటేషన్ గుర్తులనూ కోణాకార బ్రాకెట్లనూ ప్రమాదం లేని రూపంలోకి మార్చడం. దానివల్ల లింకు కోసం కేటాయించిన చోటును దాటి బయటకు వచ్చి, కొత్త ట్యాగు తెరవడం ఎవరికీ కుదరదు. అంతవరకు ఏ పొరపాటూ లేదు. కానీ ఈ దాడిలో బయటకు రావలసిన అవసరమే లేదు. జావాస్క్రిప్ట్ అన్న మాట, ఒక కోలన్, తరవాత కొద్దిపాటి కోడ్ ఉంటే చాలు. కొటేషన్ గుర్తు ఒక్కటి కూడా అక్కరలేదు. ఫంక్షన్‌కు అందులో మార్చాల్సింది ఏదీ కనిపించదు, ఉన్నది ఉన్నట్టే పేజీలోకి పంపిస్తుంది. ప్లగిన్ కోడ్‌ను పైపైన సమీక్షించినవారికి కూడా ‘శుద్ధి చేసే ఫంక్షన్ వాడారు కదా’ అనిపిస్తుంది. ఈ లోపం మళ్లీ మళ్లీ బయటపడడానికి కారణం నిర్లక్ష్యం కన్నా, ఒక చోట పనికొచ్చే శుద్ధి మరో చోట పనికిరాదన్న సంగతి తెలియకపోవడమే.

లింకుల కోసం వర్డ్‌ప్రెస్‌లో ‘ఈఎస్‌సీ యూఆర్ఎల్’ అని వేరే ఫంక్షన్ ఉంది. అది మొదట స్కీమ్‌ను చూస్తుంది. అనుమతించిన జాబితాలో లేకపోతే లింకునే ఖాళీ చేసేస్తుంది. ఇలా అనుమతించినవాటి జాబితా పెట్టుకోవడానికీ, నిషేధించినవాటి జాబితా పెట్టుకోవడానికీ చాలా తేడా ఉంది. కొందరు ప్రోగ్రామర్లు ‘లింకు జావాస్క్రిప్ట్ అన్న మాటతో మొదలైతే తిరస్కరించు’ అని సొంతంగా రెండు వరుసలు రాసుకుంటారు. అక్షరాలను పెద్దవి చిన్నవి కలిపి రాస్తే ఆ రెండు వరుసలు మోసపోవచ్చు, బ్రౌజర్ మోసపోదు. ముందు ఖాళీ స్థలం ఉంచినా అంతే. ఇంకా విచిత్రమేమిటంటే, ఆ మాట మధ్యలో ఒక ట్యాబ్ అక్షరాన్ని ఇరికించినా బ్రౌజర్ దాన్ని తీసిపారేసి చదువుకుంటుంది, ఎందుకంటే చిరునామాల్లోని ట్యాబ్‌లనూ కొత్త వరుస గుర్తులనూ పట్టించుకోకూడదన్నది దాని నియమం. ఆ నియమాలన్నీ గుర్తుపెట్టుకుని అడ్డుకట్ట వేయడం కన్నా, మనం ఎంచుకున్న కొద్ది స్కీములకు తప్ప దేనికీ అనుమతి లేదనడమే సులువు.

అసలు ఇలాంటి లింకును ఎవరు పెడతారు, ఎవరు నొక్కుతారు అన్నది తరవాతి ప్రశ్న. వర్డ్‌ప్రెస్‌లో కంట్రిబ్యూటర్ అన్న హోదా ఒకటుంది. ఆ హోదా ఉన్నవారు వ్యాసం రాయగలరు గానీ ప్రచురించలేరు, సమీక్షకు పంపగలరు. దాన్ని చూసేది ఎడిటర్ లేదా అడ్మిన్. బాధ్యతగా పనిచేసే అడ్మిన్ ఏం చేస్తారు? ప్రివ్యూ తెరిచి, అక్షర దోషాలు చూసి, బటన్ సరైన చోటికి వెళ్తోందా లేదా అని ఒకసారి నొక్కి చూస్తారు. ఆ శ్రద్ధే దాడికి మీట అవుతుంది. లాగిన్ కుకీలను, అంటే లాగిన్ అయినవారిని గుర్తుపట్టడానికి బ్రౌజర్ దాచుకునే గుర్తులను, జావాస్క్రిప్ట్ చదవకుండా వర్డ్‌ప్రెస్ కాపాడుతుంది కదా, మరి ప్రమాదమేముంది అని కొందరు వాదిస్తారు. కుకీని దొంగిలించవలసిన పనే లేదు. కోడ్ ఇప్పటికే అడ్మిన్ తెరిచిన పేజీలో ఉంది. అది వెనక నుంచి ‘కొత్త యూజర్‌ను చేర్చు’ పేజీని తెప్పించుకుంటుంది, ఆ ఫారంలో ఉండే నాన్స్‌ను, అంటే రహస్య గుర్తును, తీసుకుంటుంది, తనకు కావలసిన పేరుతో కొత్త అడ్మిన్ ఖాతాను నింపి పంపించేస్తుంది. సర్వర్‌కు అది అడ్మిన్ స్వయంగా చేసిన పనిలాగే కనిపిస్తుంది. తెర మీద మాత్రం ఏదీ మారదు. లింకు పనిచేయడం లేదని రచయితకు ఒక గమనిక రాసి, అడ్మిన్ తన పనిలో పడిపోతారు.

ఈ రకం లోపాలకు తీవ్రత మధ్యస్థం అని నమోదవుతుంది, ఎందుకంటే దాడి చేసేవారికి ముందు ఒక ఖాతా ఉండాలి, ఆపైన ఇంకెవరో నొక్కాలి. యజమాని ఒక్కరే రాసుకునే సైటుకు ఆ అంచనా సరిపోతుంది. ఎవరైనా నమోదు చేసుకుని రాయగలిగే పత్రికకో, పాత రచయితల ఖాతాలు పదుల సంఖ్యలో వాడకుండా పడి ఉన్న సైటుకో అది సరిపోదు. మధ్యస్థం అన్న మాటను అక్కడ తీవ్రం అనే చదువుకోవాలి.

ఇతరుల చేతిలో సైటు పేరు

సైటు నుంచి బయటకు వెళ్లే క్లిక్కులను లెక్కపెట్టే ప్లగిన్లు ఉన్నాయి, ‘మీరు మా సైటును వదిలి వెళ్తున్నారు’ అని మధ్యలో ఒక పేజీ చూపించేవి ఉన్నాయి, లాగిన్ పూర్తయ్యాక యూజర్‌ను మొదట ఉన్న పేజీకి తిరిగి పంపేవి ఉన్నాయి. వీటిలో చాలావరకు ఒకే పద్ధతిలో పనిచేస్తాయి: వెళ్లవలసిన చోటు చిరునామా చివర్లో రాసి ఉంటుంది, ప్లగిన్ దాన్ని చదివి అక్కడికి పంపుతుంది. ఎక్కడికి పంపుతున్నామో సరిచూసుకోకపోతే, మన సైటు పేరుతో మొదలై ఎక్కడికైనా తీసుకెళ్లే లింకును ఎవరైనా తయారుచేయగలరు. దీన్ని ఓపెన్ రీడైరెక్ట్ అంటారు. లోపాల వర్గీకరణలో దీని సంఖ్య సీడబ్ల్యూఈ-601. ఈమెయిల్‌లో వచ్చిన లింకును జాగ్రత్తగా చదివే మనిషికి కూడా అక్కడ తాను నమ్మే పేరే కనిపిస్తుంది. సైటు లోపల ఏదీ పాడవదు, ఏ ఫైలూ మారదు. నష్టపోయేది సందర్శకులు, ఆపైన ఆ సైటు పేరు.

వెబ్ భద్రతలో ఎక్కువగా ఉదహరించే ఓవాస్ప్ సంస్థ మొదటి పది లోపాల జాబితాలో, 2010లోనూ 2013లోనూ దీనికి పదో స్థానం ఇచ్చారు. 2017 జాబితాలో తీసేశారు. తీసేశారు కాబట్టి ఇక పట్టించుకోనక్కరలేదని వాదించేవారితో నేను ఏకీభవించలేను. వేరే సైటు ఖాతాతో లాగిన్ అయ్యే సదుపాయం ఉన్న చోట, లాగిన్ చివరి దశలో వచ్చే రహస్య టోకెన్ ఇలాంటి దారిమళ్లింపు గుండా పరాయి సర్వర్‌కు చేరే అవకాశం ఉంటుంది. విడిగా చూస్తే చిన్నదైన లోపం ఇంకోదానితో కలిసినప్పుడు చిన్నదిగా ఉండదు.

సరిచూడడం మొదలుపెట్టాక దొర్లే తప్పులే ఇక్కడ ఆసక్తికరమైనవి. మన సైటు పేరు ఆ చిరునామాలో ఎక్కడైనా ఉంటే చాలనుకుంటే, ‘మనసైటు.కామ్.దొంగసైటు.కామ్’ దర్జాగా లోపలికి వస్తుంది. డొమైన్ పేరును కుడివైపు నుంచి చదవాలి. అక్కడ యజమాని దొంగసైటే, ఎడమవైపు ఉన్నదంతా అతను తన ఇష్టం వచ్చినట్టు పెట్టుకున్న ఉపపేరు. అయితే మన పేరుతో మొదలవ్వాలని నియమం పెడదామంటే, ‘మనసైటు.కామ్@దొంగసైటు.కామ్’ వస్తుంది. చిరునామాలో సైటు పేరు ఉండే చోట, ఎట్ గుర్తుకు ముందు ఉన్నది యూజర్ పేరు మాత్రమే, తరవాత ఉన్నదే అసలు సైటు. పోనీ, ఏటవాలు గీతతో మొదలయ్యేవి మన సొంత పేజీలే కదా, వాటినే అనుమతిద్దామంటే, రెండు ఏటవాలు గీతలతో మొదలయ్యే చిరునామా బయటి సైటుకే తీసుకెళ్తుంది. రెండో గీతకు బదులు వెనక్కి వాలిన గీత పెట్టినా బ్రౌజర్లు దాన్ని మామూలు గీతగానే చదువుకుంటాయి. చిరునామాను అక్షరాల వరుసగా కాకుండా, బ్రౌజర్ విడదీసినట్టే విడదీసి, సైటు పేరు భాగాన్ని పూర్తిగా పోల్చి చూస్తే తప్ప ఈ చిక్కు తీరదు.

వర్డ్‌ప్రెస్‌లో ఆ పని చేసిపెట్టే ఫంక్షన్ సిద్ధంగానే ఉంది. డబ్ల్యూపీ రీడైరెక్ట్ అన్నది ఎక్కడికి చెబితే అక్కడికి పంపుతుంది. డబ్ల్యూపీ సేఫ్ రీడైరెక్ట్ అన్నది మన సైటుకూ, ముందే అనుమతించిన సైట్లకూ మాత్రమే పంపుతుంది. మధ్యలో సేఫ్ అన్న ఒక్క మాట లేకపోవడమే కొన్ని ప్లగిన్లలో లోపానికి మూలం. బయటి లింకులకే ఉద్దేశించిన ప్లగిన్‌కు ఆ మాట ఒక్కటీ సరిపోదు నిజమే, బయటికి పంపడమే దాని పని కదా. అలాంటప్పుడు అసలు చిరునామాను లింకులో పెట్టకుండా డేటాబేస్‌లో దాచి, దాని సంఖ్యను మాత్రమే లింకులో పెట్టడం మంచి పద్ధతి. అప్పుడు సైటు తనకు తెలియని చోటికి ఎవరినీ పంపదు.

సర్వరే లింకు వెంట వెళ్లినప్పుడు

ఇప్పటిదాకా చెప్పిన మూడింటిలోనూ లింకు వెంట వెళ్లేది మనిషి. నాలుగోదానిలో వెళ్లేది సర్వర్. బయటి బొమ్మను తెచ్చి చిన్నది చేయడం, లింకు ఇస్తే దాని శీర్షికా బొమ్మా చూపించడం, ఇంకో సైటు నుంచి సెట్టింగులు తెచ్చుకోవడం, ఇలాంటి సదుపాయాలన్నిటిలోనూ ఒక చిరునామా ఇస్తే సర్వర్ అక్కడికి వెళ్లి ఏదో ఒకటి తెస్తుంది. తెచ్చినదాన్ని ఎంతవరకు నమ్ముతుందన్నదే ప్రశ్న.

2011 ఆగస్టులో టిమ్‌థంబ్ విషయంలో జరిగింది ఈ రంగంలో ఉన్నవారు ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. అది బొమ్మల పరిమాణం మార్చడానికి, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ అన్న భాషలో రాసిన ఒక చిన్న ఫైలు. సైటు రూపాన్ని నిర్ణయించే ఎన్నో థీముల్లో, ప్లగిన్లలో భాగంగా చేరిపోయింది. బయటి బొమ్మలను ఫ్లికర్, బ్లాగర్ వంటి కొన్ని పేరున్న సైట్ల నుంచి మాత్రమే తేవాలని అందులో జాబితా ఉంది. కానీ సరిచూసిన పద్ధతి, ఆ పేరు చిరునామాలో ఎక్కడైనా ఉందా లేదా అని వెతకడం. పైన చెప్పుకున్న మొదటి తప్పే ఇది. బ్లాగర్ పేరును ముందు తగిలించుకున్న ఉపడొమైన్ ఒకటి సృష్టించుకున్నవారికి తలుపు తెరుచుకుంది. తెచ్చిన ఫైలును ఆ స్క్రిప్ట్ వెబ్ ద్వారా నేరుగా తెరవగలిగే కాష్ ఫోల్డర్‌లో దాచేది. బొమ్మలా నటించే పీహెచ్‌పీ ఫైలును తెప్పించి, ఆ ఫోల్డర్ చిరునామాను బ్రౌజర్‌లో కొడితే, అది సర్వర్‌లో నడిచేది. తన సొంత సైటు దాడికి గురయ్యాక మార్క్ మాండర్ కారణం వెతుకుతూ వెళ్లి దీన్ని బయటపెట్టారు. చాలామంది యజమానులకు తమ థీములో ఆ ఫైలు ఉందన్న సంగతి కూడా అప్పటిదాకా తెలియదు. యాక్టివ్‌గా లేని థీములో ఉన్నా ఆ ఫైలును నేరుగా పిలవగలిగేవారు కాబట్టి, థీము ఆపేసి ఊరుకున్నవారికి రక్షణ దక్కలేదు.

సుమారు ఎనిమిదేళ్ల తరవాత, 2019 మార్చిలో, 70 వేలకు పైగా సైట్లలో ఉన్న సోషల్ వార్‌ఫేర్ అన్న షేర్ బటన్ల ప్లగిన్‌లో దాదాపు అదే కథ మరో రూపంలో జరిగింది. సీవీఈ-2019-9978 అన్న సంఖ్యతో నమోదైన ఆ లోపాన్ని కాస్త దగ్గరగా చూడాలి. ఒక సైటులోని సెట్టింగులను ఇంకో సైటుకు తెచ్చుకునే సదుపాయం ఆ ప్లగిన్‌లో ఉంది. ఏ చిరునామా నుంచి తేవాలో లింకులోనే చెప్పవచ్చు. ప్లగిన్ ఆ చిరునామాకు వెళ్లి, అక్కడ దొరికిన పాఠాన్ని సెట్టింగుల జాబితాగా చదవడానికి బదులు, పీహెచ్‌పీ కోడ్‌గా నడిపేది. అంటే బయటివారు ఎక్కడో రాసిపెట్టిన వాక్యాలను సర్వర్ తన సొంత కోడ్‌లా అమలుచేసేది. ఇది అడ్మిన్‌కు మాత్రమే అందుబాటులో ఉండాలని ప్లగిన్ రాసినవారు అనుకున్నారు. అందుకోసం వర్డ్‌ప్రెస్‌లోని ‘ఈజ్ అడ్మిన్’ అన్న ఫంక్షన్ వాడారు. పేరు చూస్తే ఎవరైనా అదే అనుకుంటారు. కానీ ఆ ఫంక్షన్ అడిగేది వచ్చినవారు అడ్మినా అని కాదు, వారు తెరిచిన పేజీ అడ్మిన్ విభాగంలోనిదా అని మాత్రమే. లాగిన్ కాకుండానే తెరవగలిగే పేజీలు కూడా ఆ విభాగంలో ఉన్నాయి. వచ్చినవారికి అధికారం ఉందో లేదో చెప్పే ఫంక్షన్ వేరే. దాడి చేసినవారు సందర్శకులను మోసపూరిత సైట్లకు మళ్లించే స్క్రిప్టులను ఆ దారిలోనే చొప్పించారు. 3.5.3 వెర్షన్‌తో లోపాన్ని సరిదిద్దారు.

కోడ్ నడపకపోయినా, ఊరికే వెళ్లి తేవడంలో కూడా ప్రమాదం ఉంది. సర్వర్ ఉన్న చోటినుంచి, బయటివారికి కనిపించని చిరునామాలు దానికి కనిపిస్తాయి. చాలా క్లౌడ్ సేవల్లో, సర్వర్ తన గురించిన సమాచారం అడిగి తెలుసుకోవడానికి 169.254.169.254 అన్న ప్రత్యేక చిరునామా ఉంటుంది. తాత్కాలిక తాళాల వంటి రహస్యాలు అక్కడ దొరకవచ్చు, సర్వర్ లోపలి నుంచి అడిగితేనే అది జవాబిస్తుంది. లింకు ప్రివ్యూ చూపించే ప్లగిన్‌కు ఆ చిరునామా ఇచ్చి తెప్పించుకునే దాడిని ఎస్ఎస్ఆర్ఎఫ్ అంటారు. అందుకే సైటు పేరును మాత్రమే కాకుండా, ఆ పేరు చివరికి ఏ ఐపీ చిరునామాకు చేరుతోందో కూడా చూడాలి. మధ్యలో దారి మళ్లితే ప్రతి మలుపు దగ్గరా మళ్లీ చూడాలి.

నిన్న మంచిదైన చిరునామా

ఏ కోడ్‌లోనూ తప్పు లేకుండా వచ్చే ప్రమాదం ఇంకొకటుంది. దాన్ని ప్లగిన్ లోపమని అనలేం గానీ, విస్మరించనూ లేం. ప్లగిన్ బయటి సైటు నుంచి ఒక స్క్రిప్ట్ తెచ్చి పేజీలో పెడుతుంది. ఆ రోజు ఆ సైటు మంచిదే. కొంతకాలానికి దాని యజమాని మారతాడు. పాత బ్రౌజర్లకు కొత్త సదుపాయాలు అందించే పాలీఫిల్ డాట్ ఐఓ అన్న డొమైన్ విషయంలో జరిగింది అదే. 2024 ఆరంభంలో అది కొత్త యాజమాన్యం చేతికి వెళ్లింది. అక్కడి స్క్రిప్ట్ కొందరు సందర్శకులను మోసపు సైట్లకు మళ్లిస్తోందని జూన్‌లో భద్రతా సంస్థలు బయటపెట్టాయి. దాన్ని వాడుతున్న సైట్లు లక్షకు పైగా ఉన్నాయని అప్పుడు తేలింది. ఆ సైట్లలో ఒక్క అక్షరం కూడా ఎవరూ మార్చలేదు. బయటి స్క్రిప్ట్‌తోపాటు దాని హాష్ విలువను, అంటే స్క్రిప్ట్‌లో ఒక్క అక్షరం మారినా మారిపోయే గుర్తును, కూడా పేజీలో రాసి, తేడా వస్తే నడపవద్దని బ్రౌజర్‌కు చెప్పే వీలుంది. తరచూ మారే స్క్రిప్టులకు అది కుదరదు కాబట్టి, అలాంటివాటిని సొంత సర్వర్‌లోనే పెట్టుకోవడం మేలు.

ప్యాచ్ వేసిన తరవాత

హెచ్చరిక వచ్చినప్పుడు మొదట చదవవలసింది దాని శీర్షిక కాదు. దాడికి ఖాతా కావాలా వద్దా, కావాలంటే ఏ హోదా, ఇంకెవరైనా నొక్కవలసి ఉందా, నష్టం బ్రౌజర్‌లో జరుగుతుందా సర్వర్‌లోనా అన్న వివరాలు చూడాలి. ఖాతా అక్కరలేదు, నొక్కనక్కరలేదు, సర్వర్‌లో కోడ్ నడుస్తుంది అని ఉంటే, ఆ రోజు చేస్తున్న పని ఆపి అప్‌డేట్ చేయాలి. లోపాన్ని సరిదిద్దే ప్యాచ్ ఇంకా రాకపోతే ప్లగిన్‌ను ఆపడంతో సరిపెట్టకుండా పూర్తిగా తొలగించాలి. టిమ్‌థంబ్ విషయంలో చూసినట్టు, ఆపేసిన ఫైలు కూడా డిస్కు మీదే ఉంటుంది.

అప్‌డేట్ చేయగానే పని అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. చిరునామా వేషంలో వచ్చే కోడ్ విషయంలో ఇది మరీ ముఖ్యం. కొన్ని ప్యాచ్‌లు లింకును ముద్రించేటప్పుడు శుద్ధి చేస్తాయి, అప్పుడు డేటాబేస్‌లో ఉన్న పాత లింకులు కూడా పనికిరాకుండా పోతాయి. కొన్ని మాత్రం కొత్తగా సేవ్ చేసేటప్పుడే శుద్ధి చేస్తాయి. అప్పటికే చేరిపోయిన లింకులు యథాతథంగా ఉంటాయి, ఎవరో ఒకరు నొక్కేదాకా ఎదురుచూస్తూ ఉంటాయి. ఏ రకం ప్యాచో తెలియనప్పుడు, వ్యాసాల పట్టికలోనూ ప్లగిన్ తన సమాచారం దాచుకునే మెటా పట్టికలోనూ జావాస్క్రిప్ట్ అన్న మాట పక్కన కోలన్ ఉన్న చోట్లను వెతకాలి. మాట మధ్యలో ట్యాబ్ ఇరికించినవి ఈ వెతుకులాటకు దొరకవు కాబట్టి, అనుమతించిన స్కీములతో మొదలుకాని లింకులన్నిటినీ విడిగా తీసి కంటితో చూడడం ఇంకా నమ్మదగిన పద్ధతి. ఆ తరవాత యూజర్ల జాబితాలో అడ్మిన్ హోదా ఉన్నవారిని ఒక్కొక్కరిగా గుర్తుపట్టాలి. ఎవరూ ఎరగని పేరు ఒకటి కనిపిస్తే, దాన్ని తొలగించడానికి ముందు ఆ ఖాతా ఏ తేదీన, ఏ సమయానికి పుట్టిందో రాసి పెట్టుకోవాలి. సర్వర్ లాగ్‌లో అదే సమయానికి ఏ అడ్మిన్ ఏ ముసాయిదాను ప్రివ్యూ చూశారో వెతికితే, లింకు ఏ దారిన వచ్చిందో చాలాసార్లు అక్కడే తెలిసిపోతుంది. చివరగా, కాన్ఫిగ్ ఫైలులోని రహస్య కీలను మార్చితే ఎక్కడెక్కడో తెరిచి ఉన్న సెషన్లన్నీ ఒక్కసారిగా ముగిసిపోతాయి, అందరూ మళ్లీ కొత్తగా లాగిన్ కావలసి వస్తుంది.